డ్రీమ్ థియేటర్ డ్రమ్స్ వెనక పదమూడేళ్ల కథ

2023 అక్టోబరు చివర్లో ఒక రాత్రి, సైనిక్‌పురిలోని ఒక జామ్ రూమ్‌లో ప్రాక్టీసు సగంలో ఆగిపోయింది. బేస్ గిటార్ వాయించే కుర్రాడు ఫోన్ చూసి "పోర్ట్‌నోయ్ వచ్చేశాడ్రా!" అని అరిచాడు. ఎక్కడికి వచ్చాడని ఎవరూ అడగలేదు. పదమూడేళ్ల కిందట వదిలేసి వెళ్లిన అమెరికా మెటల్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్‌కు డ్రమ్మర్ పోర్ట్‌నోయ్ తిరిగొచ్చాడని అందరికీ అర్థమైంది. ఇద్దరు ఎగిరి గంతేశారు. డ్రమ్స్ మీద ఉన్నవాడు మాత్రం స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని "మరి మంజీనీ సంగతేంటన్నా?" అని నన్నడిగాడు.

ఆ రాత్రి మొదలైన వాదన హైదరాబాద్‌లో మెటల్ వినే నలుగురు కలిసిన ప్రతిచోటా ఇంకా నడుస్తూనే ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో చాయ్ చల్లారిపోయేదాకా దీని మీద పోట్లాడుకున్న రోజులున్నాయి. పోర్ట్‌నోయ్ వచ్చాడు కాబట్టి బ్యాండ్ మళ్లీ బ్యాండ్ అయిందని ఒకరంటారు. ఆయన లేని పదమూడేళ్లూ ఆ డ్రమ్స్ మోసిన మంజీనీని పంపించేశారని ఇంకొకరంటారు. కొత్తగా వినడం మొదలుపెట్టిన పిల్లలకు ఈ గొడవ మూలం తెలియదు. అందుకే మొదటి నుంచి చెబుతాను.

డ్రీమ్ థియేటర్ పుట్టింది 1985లో, అమెరికాలోని బోస్టన్‌లో. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో కలిసి పెరిగిన ఇద్దరు దోస్తులు, గిటారిస్టు జాన్ పెట్రూచీ, బేస్ వాయించే జాన్ మ్యూంగ్, బర్క్‌లీ సంగీత కళాశాలలో చేరారు. అక్కడ డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్ కలిశాడు. కీబోర్డుకు పెట్రూచీ స్కూలు స్నేహితుడు కెవిన్ మూర్ వచ్చాడు. ఒకసారి రష్ అనే రాక్ బృందం కచేరీ టికెట్ల కోసం క్యూలో నిలబడి వాళ్ల పాటే వింటున్నారట. పాట చివరి భాగం ఎంత రాజసంగా ఉందో అని పోర్ట్‌నోయ్ అన్న మాటలోంచి మెజెస్టీ అన్న పేరు పుట్టింది. తీరా చూస్తే ఆ పేరుతో లాస్ వేగస్‌లో ఇంకో బ్యాండ్ ఉంది, మార్చుకోక తప్పలేదు. కాలిఫోర్నియాలో మాంటెరే ఊళ్లో ఉన్న ఒక సినిమా హాలు పేరు పెట్టుకోమని పోర్ట్‌నోయ్ వాళ్ల నాన్న సలహా ఇచ్చాడు. ఆ హాలు పేరే డ్రీమ్ థియేటర్.

1989లో చార్లీ డొమినిచీ గాత్రంతో వచ్చిన మొదటి ఆల్బమ్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత కొత్త గాయకుడి కోసం చాలాకాలం వెతికారు. చివరికి 1991లో కెనడా నుంచి ఒక క్యాసెట్ పంపిన జేమ్స్ లబ్రీ దొరికాడు. మరుసటి ఏడు ఇమేజెస్ అండ్ వర్డ్స్ వచ్చింది. అందులో ఎనిమిది నిమిషాల పుల్ మీ అండర్ పాట అమెరికా రాక్ రేడియోలో టాప్ టెన్‌లోకి ఎక్కింది. నాలుగు నిమిషాలు దాటితే పాట పక్కన పెట్టేసే రోజుల్లో అది మామూలు విషయం కాదు. హెవీ మెటల్ బరువుతో, ప్రోగ్రెసివ్ రాక్‌లోని పొడవాటి నిర్మాణంతో వచ్చిన ఈ సంగీతానికి ప్రోగ్రెసివ్ మెటల్ అన్న పేరు జనంలో స్థిరపడటానికి ఈ ఆల్బమ్ పెద్ద కారణం.

నా వరకు వీళ్లు వచ్చింది చాలా ఆలస్యంగా, 2006లో. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లే రోజులు. ఒక మిత్రుడు రైటర్‌లో కాపీ కొట్టి, మార్కర్‌తో పేరు రాసిన సీడీ ఇచ్చాడు. అది ముందటేడు విడుదలైన ఆక్టావేరియం. ఎనిమిదో ఆల్బమ్ కాబట్టి అందులో ఎనిమిదే పాటలు. ఒక్కో పాట ఒక్కో శ్రుతి పైకి ఎక్కుతూ, ఇరవై నాలుగు నిమిషాల చివరి పాటతో మళ్లీ మొదటి శ్రుతికే చేరుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నన్ను కట్టిపడేసింది ఐదో పాట, ప్యానిక్ అటాక్. మ్యూంగ్ బేస్ ఒంటరిగా మొదలవుతుంది, పరుగెడుతున్నట్టు. కాలు ఆడించబోతే దెబ్బ తప్పుతోంది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. మళ్లీ తప్పింది.

చిన్నప్పుడు రాంకోఠి త్యాగరాజ సంగీత కళాశాలలో రెండేళ్లు మృదంగం నేర్చుకున్నాను. పెద్దగా అబ్బలేదు కానీ మాస్టారు తొడ మీద చెయ్యి వేయించి చెప్పించిన పాఠాలు ఒంట్లో ఉండిపోయాయి. మూడోసారి విన్నప్పుడు నోరు దానంతట అదే "తక తకిట, తక తకిట" అంది. ఖండచాపు! ఐదు అక్షరాల లెక్క. అమెరికా మెటల్ బ్యాండ్ ఐదులో పరుగెడుతోంది, నేనేమో నాలుగులో వెతుకుతున్నాను. అప్పటిదాకా గందరగోళంగా వినిపించిన పాట ఒక్కసారిగా విడివిడి దెబ్బలుగా కనిపించింది. ఆ పొద్దు మాస్టారు గుర్తొచ్చి కళ్లు తడిశాయి. అప్పటి నుంచి ఈ సంగీతం మనకు దూరమని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఐదు, ఏడు, తొమ్మిది మన చెవికి కచేరీల్లో అలవాటైన లెక్కలే. తొమ్మిది మృదంగాలు ముందు పెట్టుకుని వాయించిన ఎల్లా వెంకటేశ్వరరావు గారి ఊళ్లో, రెండు డ్రమ్ కిట్లు కలిపి పెట్టుకున్న పోర్ట్‌నోయ్‌ని చూసి ముక్కున వేలేసుకోవాల్సిన పని లేదు.

ఇక్కడే ఒక తేడా కూడా చెప్పాలి, గొడవ అంతా దాని మీదే ఉంది. కచేరీలో మృదంగం పక్కవాద్యం. ఎంత గొప్ప విద్వాంసుడైనా పాట గాయకుడిది. డ్రీమ్ థియేటర్‌లో పోర్ట్‌నోయ్ స్థానం అలాంటిది కాదు. 1999లో సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ నుంచి పెట్రూచీతో కలిసి ఆల్బమ్‌ల నిర్మాణం చూసుకున్నాడు. ఏ రాత్రి ఏ పాటలు వాయించాలో తనే రాసేవాడు, ఊరూరికీ మార్చేవాడు. పాత రికార్డింగులన్నీ వెతికి అభిమానుల కోసం విడుదల చేయించాడు. వాటిని విడుదల చేసిన సంస్థ, మెజెస్టీ పేరు తిరగేసి వైట్‌సీజామ్ అని పెట్టిన లేబుల్ కూడా ఆయన చేతిదే. అభిమానులకు బ్యాండ్ ముఖం అంటే ఆయనే.

అన్నిటికన్నా లోతుగా తగిలేది మరొకటి. పోర్ట్‌నోయ్ తాగుడు నుంచి బయటపడ్డ మనిషి. తాగుడు మానాలనుకునేవాళ్లకు సాయపడే ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల పన్నెండు మెట్లనూ ఐదు పాటలుగా విడగొట్టి, 2002 నుంచి 2009 వరకు వరసగా ఐదు ఆల్బమ్‌లలో ఒక్కొక్కటి పెట్టాడు. ఒక పాటలోని రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస, రెండేళ్ల తర్వాత వచ్చే ఇంకో పాటలో తిరిగి వినిపిస్తుంది, పాత తప్పు మళ్లీ ఎదురొచ్చినట్టు. చివరి పాటలో అవన్నీ కలుస్తాయి. మన దగ్గర ఇంట్లో తాగే మనిషి ఉన్నవాళ్లకు ఆ పాటలు ఎందుకు గుచ్చుకుంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఐదూ వరసగా ఒకే వేదిక మీద వాయించాలని ఆయన కల. ఆ కల డ్రీమ్ థియేటర్‌తో తీరకముందే విడిపోయారు. 2017లో హేకెన్ బృందం సభ్యులను వెంటేసుకుని ఊరూరా తిరిగి ఆ పాటలు వాయించాడు.

విడిపోవడం 2010 సెప్టెంబరులో జరిగింది. ఏళ్ల తరబడి ఆల్బమ్, టూర్, ఆల్బమ్, టూర్ అని ఆగకుండా తిరిగి అలిసిపోయాం, కొంతకాలం ఆగుదాం అన్నాడు పోర్ట్‌నోయ్. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఏడాదే ఆయన అవెంజ్డ్ సెవెన్‌ఫోల్డ్ అనే ఇంకో మెటల్ బ్యాండ్‌తో కలిసి వాయిస్తున్నాడు. వాళ్ల డ్రమ్మర్ అకాలంగా చనిపోతే, సగంలో ఉన్న ఆల్బమ్ పూర్తి చేయడానికి వెళ్లాడు. మాకేమో విరామం కావాలని చెప్పి అక్కడ వాయిస్తున్నాడే అని ఇటువైపు వాళ్లకు అనిపిస్తే అందులో వింత లేదు. మాట మాట పెరిగింది, తనే స్థాపించిన బ్యాండ్ నుంచి తనే బయటికి నడిచాడు. తర్వాత మనసు మార్చుకుని వస్తానన్నా, అప్పటికే వీళ్లు ముందుకెళ్లిపోయారు.

న్యూయార్క్‌లో ఏడుగురు డ్రమ్మర్లను పరీక్షించారు. వర్జిల్ డొనాటీ, మార్కో మినెమన్, థామస్ లాంగ్ లాంటి వాళ్లు వరసలో ఉన్నారు. ఆ పరీక్షంతా వీడియో తీసి 2011లో బయటపెట్టారు. నెట్ కేఫ్‌లో గంటకింత కట్టి, బఫరింగ్‌తో కుస్తీ పడుతూ చూశాం మేము. మైక్ మంజీనీ వచ్చినప్పుడు మనిషి చెయ్యి వణుకుతున్నట్టే ఉంది, ఆత్రం దాచుకోలేదు. బర్క్‌లీలో అధ్యాపకుడు. ఏ కాలేజీలో ఈ బ్యాండ్ పుట్టిందో అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి వచ్చాడు. ఎంపికైనట్టు ఫోన్‌లో చెప్పినప్పుడు ఆయన ఏడ్చిన తీరు చూసిన ఎవరికైనా, ఆ మనిషిని తాత్కాలికంగా వచ్చినవాడు అనడానికి నోరు రాదు.

మంజీనీ లెక్క గట్టి మనిషి. కుడిచెయ్యి ఒక తాళం, ఎడమచెయ్యి ఇంకో తాళం వేస్తుంటే కింద కాళ్లు మూడోది వేస్తుంటాయి. అయితే ఆయన మొదటి ఆల్బమ్‌కు డ్రమ్స్ భాగాలు ముందే పెట్రూచీ కంప్యూటర్‌లో రాసి పెట్టాడు. మంజీనీ వాటిని తీసుకుని తన చేత్తో వాయించాడు. అక్కడే కొంతమంది అభిమానులు బిగుసుకుపోయారు. పోర్ట్‌నోయ్ వాయింపులో కొంచెం తొందర, కొంచెం తప్పు, ఆ తప్పులోంచే ఊపు పుట్టేది, మంజీనీది మరీ నున్నగా ఉంది అన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. నేనూ అన్నాను, ఇప్పుడు ఆ మాటకు బాధపడుతున్నాను. ఎందుకంటే, ఆయన ఉన్న కాలంలోనే డ్రీమ్ థియేటర్‌కు మొదటిసారి గ్రామీ నామినేషన్ వచ్చింది, 2022లో ది ఏలియన్ పాటకు మొదటి గ్రామీ కూడా వచ్చింది. ఐదు ఆల్బమ్‌లు ఆయనతో చేశారు. స్థాపకుడు వెళ్లిపోయాక ఎన్ని బ్యాండ్‌లు చీకట్లో కలిసిపోలేదు? ఇది నిలబడింది. నిలబడబట్టే పోర్ట్‌నోయ్ తిరిగి రావడానికి ఒక ఇల్లంటూ ఉంది.

ఆ ఇంటి తలుపు తెరుచుకున్న తీరు మన కుటుంబాల్లో జరిగేదానికి దగ్గరగా ఉంటుంది. పోర్ట్‌నోయ్, పెట్రూచీ, మ్యూంగ్ ముగ్గురూ పెళ్లాడింది మీన్‌స్ట్రీక్ అనే ఒకే మహిళల మెటల్ బ్యాండ్‌లోని సభ్యులను. మగవాళ్ల మధ్య మాటలు తగ్గినా, ఇళ్ల మధ్య, పిల్లల మధ్య రాకపోకలు ఆగలేదు. 2020లో పెట్రూచీ సొంత ఆల్బమ్‌కు పోర్ట్‌నోయ్ డ్రమ్స్ వాయించాడు. 2021లో వాళ్లిద్దరూ, డ్రీమ్ థియేటర్‌లోనే కీబోర్డు వాయించే జోర్డన్ రూడెస్, బేస్ వాయించే టోనీ లెవిన్ కలిసి లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్ పేరుతో ఇరవై ఏళ్లకు పైగా విరామం తర్వాత మూడో ఆల్బమ్ తెచ్చారు. అప్పుడే మాకు అనుమానం వచ్చింది. అందరికన్నా ఎక్కువ దూరం లబ్రీతో ఉండేది. అది కూడా కరిగాక, 2023 అక్టోబరులో ఆ ప్రకటన వచ్చింది. మంజీనీ ఒక్క చేదు మాట అనలేదు. పోర్ట్‌నోయ్‌ని తిరిగి తెచ్చుకోవాలన్న నిర్ణయాన్ని అర్థం చేసుకున్నానని చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

మా ఊరి నుంచి ఇలాంటి సంగీతం కళ్లారా చూడాలంటే ఎప్పుడూ రైలెక్కాల్సిందే. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయిస్తే, కాచిగూడలో రాత్రి రైలెక్కి నల్ల టీషర్టులతో జనరల్ బోగీ నిండా వెళ్లాం. 2009లో ఒపెత్ కోసం చెన్నై ఐఐటీకి, 2011లో మెటాలికా కోసం మళ్లీ బెంగళూరుకు. డ్రీమ్ థియేటర్‌ను మాత్రం తెరల మీదే చూశాం. ఆ తెరల మీద చూసి నేర్చుకున్న పిల్లలే ఇవాళ జామ్ రూమ్‌లలో ఉన్నారు. ఈ ఊరి గాడ్‌లెస్ బృందం 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ ఆల్బమ్ తెచ్చినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వాళ్లది డెత్ మెటల్, దారి వేరు. అయినా మనవాళ్లు.

పోర్ట్‌నోయ్ వచ్చాక నలభై ఏళ్ల టూర్ 2024 అక్టోబరులో లండన్‌లో మొదలైంది. 2025 ఫిబ్రవరిలో పారసోమ్నియా వచ్చింది. నిద్రలో నడవడం, ఉలిక్కిపడి లేవడం, పీడకలలు, ఇలా ఆల్బమ్ అంతా నిద్ర జబ్బుల మీదే. ఒక్కసారి వినగానే పాత ఊపు తెలుస్తుంది. డ్రమ్స్ మళ్లీ కొంచెం ముందుకు తోస్తున్నాయి.

లండన్ కచేరీ పాటల జాబితా బయటికి రాగానే మా గ్రూపులో పడింది. అందులో ప్యానిక్ అటాక్ ఉంది, నా ఖండచాపు. ఇంకో రెండు పేర్లు కూడా ఉన్నాయి. 2011 నాటి దిస్ ఈజ్ ద లైఫ్, 2019 నాటి బార్‌స్టూల్ వారియర్. రెండూ మంజీనీ కాలంవి. పోర్ట్‌నోయ్ కూర్చుని, తాను లేనప్పుడు ఇంకొకరు వాయించిన పాటలు నేర్చుకుని వాయించాడు.

తర్వాతి ఆదివారం సైనిక్‌పురి వెళ్లాను. అప్పుడు "మరి మంజీనీ?" అన్న కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. ఎవరో ప్రేక్షకుడు తీసిన బార్‌స్టూల్ వారియర్ వీడియో ఫోన్‌లో పెట్టుకుని, పక్కన ల్యాప్‌టాప్‌లో మంజీనీ రికార్డింగ్ పెట్టుకుని, ఒక్కో లైను ఆపి ఆపి వింటున్నాడు. నన్ను చూసి హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసి, "అన్నా, ఈ మలుపు దగ్గర ఇద్దరూ వేరే వేరేగా కొట్టారు, రెండూ నేర్చుకుంటున్నా" అన్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.