బరువున్న గుర్రమే గెలుస్తుందా?

టీవీలు రాకముందు ఇంగ్లండ్‌లో ఇంటికి చుట్టాలొస్తే బల్ల మీదే గుర్రప్పందేలు పెట్టుకునేవాళ్లు. ఎస్కలాడో అనే ఆట అట్లాంటిదే. చాడ్ వ్యాలీ అనే బొమ్మల కంపెనీ 1929లో అమ్మకానికి తెచ్చింది, కనిపెట్టినాయన మాత్రం స్విట్జర్లాండ్ మనిషి. పొడుగాటి గుడ్డను బల్లకు రెండు కొసలా బిగిస్తారు, దాని మీద అక్కడక్కడా గుండీల్లాంటి అడ్డాలుంటాయి, ఒక కొసన హ్యాండిల్ తిప్పితే గుడ్డంతా వణుకుతుంది, ఆ వణుకుడుకే గుర్రాలు ముందుకు జరుగుతాయి. గుర్రాలకు చక్రాల్లేవు, కీ ఇచ్చేదీ లేదు. పాత సెట్లలో అవి సీసంతో పోసినవి, కాబట్టి చిన్నపిల్లల నోటికి అందనివ్వొద్దు.

మా నల్లగొండలో దసరాకు ఆడబిడ్డలు, అల్లుళ్లు కూడినప్పుడు మా ఇంట్లో ఇలాంటి సెట్టొకటి బయటికొస్తుంది. పందెం చింతగింజలతోనే (పైసలు పెడితే అది ఆట కాదు, కేసు). ప్రతిసారీ ఒకటే లొల్లి: "అత్తా, నీ గుర్రం బరువెక్కువ, అందుకే గెలుస్తుంది!"

బరువుకూ గెలుపుకూ నిజంగా సంబంధం ఉందా? గుడ్డ మెల్లగా ముందుకు కదిలితే ఘర్షణ గుర్రాన్ని పట్టుకుని తనతో తీసుకుపోతుంది. అదే గుడ్డ ఝటక్కున వెనక్కి వస్తే గుర్రం అంత తొందరగా వెనక్కి తిరగలేదు, కాళ్లకింద గుడ్డ జారిపోతుంది, అది దాదాపు అక్కడే ఉండిపోతుంది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో వణికే జల్లెడ మీద బియ్యం ఒకవైపే నడుచుకుంటూ పోవడం చూసుంటే ఇదీ దాదాపు అదే పని. ఇక బరువు సంగతి: గుర్రం బరువు రెట్టింపైతే దాన్ని పట్టుకునే ఘర్షణా రెట్టింపు, కదలనని మొండికేసే జడత్వమూ రెట్టింపు, లెక్కలో రెండూ కొట్టుకుపోతాయి. ఘర్షణ గుణకం (గుడ్డ గుర్రాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.3 అయితే గుడ్డ త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 3 మీటర్లు దాటగానే తేలికదైనా బరువుదైనా జారాల్సిందే. తేడా వచ్చేది అడుగు భాగంలో. నూనె చేతులు తగిలినా, రంగు పెచ్చులూడినా ఆ 0.3 మారిపోతుంది.

అసలు మజా అడ్డాల దగ్గర. ముందున్న గుర్రం మూతి అడ్డానికి ఆనించి వణుకుతూ నిలబడిపోతుంది, అందరూ అరుస్తుంటారు, అది వెంట్రుకంత పక్కకు తిరిగి ఒక్కసారిగా బయటపడుతుంది, ఈలోగా వెనకది దాటిపోయి ఉంటుంది. ఇది అదృష్టమే, కానీ అదృష్టానికీ లెక్కుంది. బాటను నాలుగింతలు పొడుగు చేస్తే అడుగు బాగున్న గుర్రానికున్న ఆధిక్యం నాలుగింతలవుతుంది, అదృష్టం వల్ల వచ్చే ఎగుడుదిగుడు మాత్రం రెండింతలే. అందుకే పొట్టి బాటలో ఎవరైనా గెలవొచ్చు, నా మటుకు ఇంట్లో ఆటకు అదే బాగుంటుంది.

అత్త గుర్రం వరసగా మూడుసార్లు గెలిస్తే అనుమానించొచ్చా? ఐదు గుర్రాలూ సమానమైతే, ఏ మూడు పందేలు తీసుకున్నా ఏదో ఒక గుర్రమే మూడూ గెలిచే అవకాశం 25లో 1. రాత్రంతా ఆడేవాళ్లకు అది వింతేం కాదు. అయినా టెన్షన్ తీరకపోతే పందెం పందేనికీ గుర్రాల వరస మార్చి, గెలిచినవి కాగితం మీద రాసుకోండి, చాలా పందేల తర్వాత కూడా ఐదో వంతు కన్నా బాగా ఎక్కువ గెలుస్తున్న గుర్రాన్ని తిరగేసి దాని అడుగు వేలితో తడిమి చూడండి.