కొమ్మ తీరు చూసి కొత్త జాతి అనకండి: హైడ్రాయిడ్లపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం కూడా ఒక ఫొటో వచ్చింది. నార్వే తీరంలో డైవింగ్‌కి వెళ్లిన తమ్ముడొకడు పంపాడు. రాతి మీద ఫెర్న్ ఆకులా నిలబడ్డ హైడ్రాయిడ్ కాలనీ (హైడ్రాయిడ్లంటే జెల్లీఫిష్‌ల బంధువులు; బోలెడు చిన్న జీవులు కలిసి మొక్కలా పెరుగుతాయి), కింద ఒకటే ప్రశ్న: “అన్నా, ఇది కొత్త జాతేనా?” ఆ ఆత్రం నాకు తెలుసు. కానీ దానికి జవాబు ఆ ఫొటోలో లేదు.

అపోహ: కాలనీ ఆకారం వేరైతే జాతి వేరు.

మా రంగంలో అందరికంటే ఎక్కువమందిని ముంచేది ఇదే. దీన్ని నమ్ముకుని ఏళ్లకేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నీటి ఒరవడిని బట్టి, అంటుకున్న చోటును బట్టి ఒకే జాతి రకరకాలుగా పెరుగుతుంది.

నేనూ ఇందులో పడ్డాను. పీహెచ్‌డీ మొదటి ఏడాది నార్వేలోని బెర్గెన్ దగ్గర ఒక ఫియోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయలో) రెండు చోట్ల నమూనాలు తీశాం. నీరు ఉరికే ఇరుకు దారిలో దొరికినవి పొట్టిగా, బిరుసుగా ఉన్నాయి. లోపల నిలకడ నీటిలోవి జానెడు పొడవున, ఒక పక్కకు వంగి ఉన్నాయి. రెండు జాతులని గట్టిగా నమ్మి నాలుగు నెలలు కూర్చుని వర్ణన రాశాను. మా గైడ్ అంతా చదివి, రెండింటి కొసలూ కత్తిరించి మైక్రోస్కోప్ కింద పెట్టారు. “మూత ఎటువైపు అతుక్కుని ఉందో చూడు” అన్నారు, అంతే.

చూశాను. హైడ్రోథీకా అంటే కాలనీలోని ఒక్కో చిన్న జీవి ఉండే బుల్లి బుడ్డి. అంచు నున్నగా ఉంది, పళ్లు లేవు. ఒకటే మూత, కాండం వైపు అంచుకు అతుక్కుని ఉంది. రెండు కాలనీల్లోనూ అంతే. రెండూ అబైటినేరియా అబైటినాయే, 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన జాతి. అదే మూత కాండానికి అవతలి వైపు అతుక్కుంటే థుయేరియా అనే వేరే ప్రజాతి అని అనుమానించాలి. అంచుకు మూడు పళ్లు, మూడు రేకుల మూత ఉంటే సింప్లెక్టోస్కైఫస్. నాలుగేసి ఉంటే సెర్టులరెల్లా.

ఇంకో మాట. ముదురు భాగాల్లో మూతలు ఊడిపోతాయి. అక్కడ చూసి “మూత లేదు” అని రాసేస్తారు! కొసల్లోని లేత హైడ్రోథీకాలు చూడండి. గోనోథీకాలు (సంతానోత్పత్తికి వచ్చే బుడ్డీలు) దొరక్కపోతే తొందరపడకండి, అవి వచ్చే సీజన్‌లో మళ్లీ వెళ్లండి.

ఈ ఆకారం గొడవ మనతో మొదలైంది కాదు. సెర్టులేరియా కుప్రెసినా, సెర్టులేరియా అర్జెంటియా రెండింటికీ పేరు పెట్టింది లిన్నేయసే. అవి రెండు జాతులా, ఒకటేనా అని తర్వాతి తరాలు వాదించుకుంటూనే వచ్చాయి.

అపోహ: డీఎన్‌ఏ ఉంటే చాలు. చాలదు. 16ఎస్ అనే జన్యువు సీక్వెన్స్ ఎంతో ఉపయోగమే, కానీ పోల్చడానికి సరిగ్గా గుర్తించిన నమూనా ఉండాలి కదా. అంతా ఫార్మలిన్‌లో వేసేస్తే ఆ దారీ దాదాపు మూసుకుపోతుంది. పడవ మీదే ఒక కొమ్మ ఎథనాల్‌లో వేసుకోండి.

అపోహ: పేరుకు ఏదో అంతర్జాతీయ కమిటీ అనుమతి కావాలి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. నామకరణ నియమాలు పాటించి వర్ణనతో ప్రచురించాలి, టైప్ స్పెసిమెన్ (ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనా) ఏ మ్యూజియంలో ఉంచారో చెప్పాలి. ఆన్‌లైన్‌లోనే వచ్చే జర్నల్ అయితే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్ట్రీ జూబ్యాంక్‌లో రిజిస్టర్ చేయాలి. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దానికి భయపడి డ్రాఫ్టులు దాచుకున్నవాళ్లు నాకు తెలుసు.

అపోహ: నా జాతి సినోనిమ్ (ముందే పేరున్న జాతికి మరో పేరు) అయితే నా పని గంగలో కలిసినట్టే.

కిందటి చలికాలం ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏడ్చింది. తను పెట్టిన పేరును వేరొకరు పాత జాతిలో కలిపేశారట. ఆమెకు సార్స్, లొవేన్‌ల సంగతి చెప్పాను. నార్వే పాస్టర్ మైకేల్ సార్స్ 1835లో ఒక చిన్న జెల్లీఫిష్‌ను వర్ణించాడు. మరుసటి ఏడాది స్వీడన్‌కు చెందిన స్వెన్ లొవేన్ ఒక హైడ్రాయిడ్‌కు సార్స్ పేరే కలిపి పేరు పెట్టాడు. తీరా చూస్తే అవి రెండూ ఒకే జంతువు దశలు. పాత పేరే నిలిచింది, ఇప్పుడది సార్సియా ట్యూబులోసా. లొవేన్ పేరు సినోనిమ్ జాబితాలోకి వెళ్లింది. కానీ ఆ హైడ్రాయిడ్ దశ గురించి చదివేవాళ్లు ఇప్పటికీ ఆయన దాకా వెళ్లాల్సిందే. “నీ బొమ్మలు, నీ కొలతలు ఎక్కడికీ పోలేదమ్మా, ఆ కలిపినాయన కూడా వాటినే చూసి కలిపాడు” అన్నాను. కాసేపటికి తేరుకుని, కొసల్లోని మూతల ఫొటోలు ఇంకా తీయలేదని చెప్పింది. మర్నాడు పొద్దున్నే తీసి పంపింది.