ఎద్దు తన నొప్పి ఎట్లా చెప్తుంది?

పాపకూ, అబ్బికీ, వాళ్ల వెంట తిరిగే పిల్లలందరికీ మీ జేజినాయన రాసేది.

ఏరువాక మర్నాడు పాప ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగింది. "మనకైతే కడుపు నొస్తోందని చెప్తాం. ఎద్దు చెప్పదు కదా, మరి ఆసుపత్రి అన్నకు ఎట్లా తెలిసింది?" కొమ్ముల రంగు ఆరకముందే మన ఎద్దు మేత మానేసిందట. ఆ అన్న వచ్చి డొక్కలో పిడికిలి పెట్టి చూశాడట. నేను రిటైరయ్యేదాకా చేసిన పని అదే కాబట్టి, ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఈ ఉత్తరం.

ముందు ఒకటి తేల్చుకుందాం. ఆ అన్న డాక్టరు కాదు. పశువుల డాక్టరు కావాలంటే ఐదున్నరేళ్లు చదవాలి. మనకు ప్రొద్దుటూరులో ఆ కాలేజీ ఉంది. అన్న చదివింది పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా. మన జిల్లాలోనే, ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఆ పాలిటెక్నిక్ ఉంది. అతను చేసేది పశుసంవర్ధక సహాయకుడి ఉద్యోగం.

మీరు ఆదోనికి ఎక్కే బస్సునే తీసుకోండి. డాక్టరు డ్రైవరు, మేము కండక్టర్లం. జబ్బు ఏదో తేల్చడం, మందు రాయడం, ఆపరేషన్ చేయడం, అదంతా స్టీరింగ్. దాని మీద మా చెయ్యి పడకూడదు. కానీ ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, వెనక సీట్లో ఎవరికి వాంతి వస్తోంది అన్నది డ్రైవరుకు కనిపించదు, కండక్టరుకే కనిపిస్తుంది. కండక్టరు మొదట అడిగే మాట ఏది? "ఎక్కడ ఎక్కినారు?" మేమూ అదే అడుగుతాం. నిన్న ఎక్కడ మేసింది? ఎప్పటినుంచి ముట్టడం లేదు? పేడ వేసిందా? నెమరు వేస్తోందా?

ఆ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. తొలకరికి జొన్న మొలిచి, ఆ తర్వాత వాన మొహం చాటేస్తే, వాడిన ఆ లేత జొన్నలో విషం పెరుగుతుంది. కోసిన మోళ్లకు వచ్చే పిలకల్లోనూ అంతే. మన వైపు నాము అంటారు. అది సైనైడ్ జాతి విషం. బాగా మేసిన పశువు కాసేపటికే ఊగి పడిపోతుంది. విరుగుడు సూది ఉంది గానీ నిమిషాలు లెక్కపెట్టుకుని నరానికి ఎక్కించాలి. "జొన్న చేనులో పడిందా?" అని ముందే అడిగి డాక్టరు చెవిన వేయకపోతే ఆ మందు సంచిలోనే ఉండిపోతుంది.

అడగడం అయ్యాక చూడడం. దగ్గరికి పోకముందే కాస్త దూరం నుంచి చూడాలి. తల వేలాడేసిందా, మందకు ఎడంగా నిలబడిందా, వీపు గూని పోయిందా? దగ్గరికి పోయాక ముట్టె. ఆరోగ్యంగా ఉన్న ఎద్దు ముట్టె మీద సన్నని నీటి చుక్కలు నిలుస్తాయి. జ్వరమొస్తే ఎండిపోతుంది. తర్వాత థర్మామీటరు. అది నోట్లో కాదు, తోక కింద పెట్టాలి, నవ్వకండి. పేడలోకి గుచ్చితే లెక్క తప్పు వస్తుంది, పేగు గోడకు ఆనించి పట్టుకోవాలి. దానికి ఒక దారం కట్టి, దారం కొసన క్లిప్పు పెట్టి తోక వెంట్రుకలకు తగిలిస్తాం, లేదంటే లోపలికి పోతుంది, లేదా కిందపడి పగులుతుంది. మామూలుగా ఉన్న ఆవుకో ఎద్దుకో ఫారన్‌హీట్ లెక్కలో 101 నుంచి 102 డిగ్రీల చిల్లర ఉంటుంది. మనకైతే దుప్పటి కప్పుకుని పడుకునే జ్వరం అది, దానికి మామూలు! నాడి కూడా తోక అడుగునే దొరుకుతుంది.

ఇక డొక్కలో పిడికిలి సంగతి. ఎడమవైపు, పక్కటెముకలు అయిపోయాక, నడుముకు కింద గుంట ఉంటుంది చూడండి, దాని వెనకాల ఉండేది పెద్ద పొట్ట. పశువు పొట్టకు నాలుగు అరలుంటే అన్నిటికంటే పెద్దది అదే. అందులో మేత నానుతూ, పులుస్తూ, పొర్లుతూ ఉంటుంది. పిడికిలి ఆనించి ఊరికే నిలబడితే ఆ పొర్లడం చేతికి తగులుతుంది. నిమిషానికి ఒకటి రెండు సార్లు రావాలి. రాకపోతే పొట్ట ఆగిపోయిందన్నమాట. అక్కడే బిగుసుకుని డప్పు మోత మోగితే ఉబ్బరం. ఎద్దు చెప్పదు అన్నావు కదా పాపా, అది అప్పటికే ముట్టెతో, చెవులతో, పేడతో, డొక్కతో చెప్పేసి ఉంటుంది.

చూడాలంటే ముందు పట్టుకోవాలి. ఈ ఉద్యోగంలో సగం పట్టుకోవడమే. ఆసుపత్రి ముందు ఇనుప గొట్టాల చట్రం, ట్రెవిస్ అంటాం, దానిలోకి నడిపించి కట్టేస్తే పని తేలిక. ఊళ్లో ఆ చట్రం ఉండదు. గుర్రం వెనక్కి తంతుంది, ఆవు మాత్రం కాలు ముందుకు తెచ్చి పక్కకు విసురుతుంది. బారెడు దూరంలో నిలబడితే తగిలే దెబ్బ గట్టిది, తొడకు ఆనుకుని నిలబడితే తోపుతో పోతుంది. బస్సులో టికెట్టు కొట్టబోతే ఎవరూ కండక్టరును తన్నరు, ఇక్కడ తంతారు. నా పోలిక ఈడ కాస్త కుంటింది గానీ వదలబుద్ధి కావడం లేదు.

ఎందుకంటే టికెట్టు కూడా ఉంది మరి. పశువు చెవికి పసుపు పోగు వేస్తారు, దాని మీద పన్నెండు అంకెలు. ఆ నంబరు కొడితే ఏ ఊరిది, ఏ టీకా ఎప్పుడు వేశారు అన్నీ వస్తాయి. 2019 నుంచి దేశమంతా గాలికుంటుకు టీకాలు వేసే పెద్ద కార్యక్రమం నడుస్తోంది. ఆ టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలోనే ఉంచాలి. మే నెలలో పత్తికొండ ఎండ మీకు తెలుసు కదా, ఐసు పెట్టె భుజాన వేసుకుని పొద్దు పొడవకముందే దొడ్లకు చేరుకోవాలి. ఎండ ముదిరితే రైతు పశువును పొలానికి తోలేస్తాడు, మందూ పాడవుతుంది.

నేను మీ అంత ఉన్నప్పుడు మా ఇంట్లో నా పని లాంతరు పట్టుకోవడం. బర్రె ఈనేది ఎప్పుడూ నడిరేయే. నాయన మోకాళ్ల మీద కూర్చుని దూడ కాళ్లు పట్టుకుని లాగుతుంటే నేను భయంతో కళ్లు మూసుకునేవాణ్ని, కళ్లు మూస్తే లాంతరు వంకర పోయేది, నాయన తిట్టేవాడు. మా అవ్వ ఆ రాత్రుల్లోనే పశువులకు వచ్చే ముసర రోగం, ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్ అంటారు, దాని కథలు చెప్పేది. ముసర తగిలిన ఊళ్లో ఒక దొడ్డి కూడా మిగిలేది కాదట, పక్క ఊరి బండ్లను పొలిమేరలోనే ఆపేసేవాళ్లట. ఇప్పుడు ఆ రోగం పేరు మీరెవరూ విని ఉండరు, ఎందుకంటే అది లేదు. 1954లో మన దేశం దాన్ని తుడిచిపెట్టే పని మొదలుపెట్టింది. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు పూర్తిగా తరిమేసిన రెండో రోగం అది. శాస్త్రవేత్తలు మందు కనుక్కున్నారు, సరే. ఆ మందును దొడ్డి దొడ్డికీ మోసి, పశువును పట్టుకుని సూది వేసిన వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. పిల్లలూ, పేరు రాని పని చిన్న పని అనుకోకండి.

మిగతావి గబగబా చెప్తా. పుండులో పురుగులు పడితే టర్పెంటైన్ నూనెతో బయటికి రప్పించి కట్టు కట్టడం. గొర్రెలకు నట్టల మందు తాగించడం. తల మరీ పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గొర్రెల కాపరులకు ఇది పదేపదే చెప్పాలి. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ చల్లని నైట్రోజన్ డబ్బాలో ఉంచిన ఎద్దు బీజంతో ఆవులకు చూడి కట్టించడం. సాయంత్రం రిజిస్టరు రాయడం, ఇది నాకు ఎప్పుడూ నచ్చలేదు. అర్ధరాత్రి ఫోన్లు సరే సరి. ఇప్పుడు 1962కు ఫోన్ చేస్తే ఊళ్లోకే పశువుల అంబులెన్స్ వస్తోంది, మాకు ఆ సుఖం లేదు.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. పశువు నోట చొంగ కారుస్తూ, వింతగా అరుస్తుంటే "గొంతులో ఏదో అడ్డం పడింది" అని మనవాళ్లు నోట్లో చెయ్యి పెడతారు. మీరు పెట్టకండి, పెట్టనివ్వకండి. అది పిచ్చికుక్క కరిచిన పశువు కావచ్చు. దూరంగా నిలబడి డాక్టరును పిలిపించండి.

ఇంక చాలు, మిగతాది మీరే చూడండి. మన ఎద్దు మళ్లీ మేత పట్టిందని మీ నాయన చెప్పాడు. సాయంత్రం మేసి పడుకున్నాక దాని ఎదురుగా కూర్చోండి. గొంతు వెంట ఒక ముద్ద కింది నుంచి పైకి రావడం కనిపిస్తుంది. దాన్ని ఎన్నిసార్లు నమిలి మింగుతుందో ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి నాకు రాయండి. నలభైకీ డెబ్బైకీ మధ్య రావాలి. లెక్కలు కలవకపోతే కొట్టుకోకండి, ఇంకో ముద్ద వస్తుంది.

మీ జేజినాయన