చందన తైలం మందుగా ఉన్న రోజులు

బెంగళూరులోని తెలుగు ఇళ్లలో జలుబుకు నీలగిరి తైలం, పంటి నొప్పికి లవంగ నూనె, అజీర్తికి వాము నీళ్లు తరాలుగా వాడుతున్నవే. వాటిని యాంటీబయాటిక్‌లకు బదులుగా తీసుకోవచ్చన్న ప్రచారం మాత్రం కొత్తది. మొక్కల తైలాలు ఒకప్పుడు నిజంగానే ఆ స్థానంలో ఉండేవి. ఎలా ఉండేవో, ఎందుకు పోయాయో తెలియజెప్పే చరిత్ర చాలావరకు ఈ ఊళ్లోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మైసూరు సంస్థానపు చందనపు చేవలో (మాను నడిమి గట్టి కర్రలో) పెద్ద భాగం జర్మనీకి వెళ్లేది. అక్కడ తీసిన తైలం అత్తర్లకే కాదు, మందులకూ వెళ్లేది. గనేరియా అనే సుఖవ్యాధి రోగులకు చందన తైలాన్ని గొట్టపు మాత్రల్లో (క్యాప్సూళ్లలో) నింపి మింగించేవారు. బ్రిటిష్ ఔషధ ప్రమాణ గ్రంథంలోనూ దానికి చోటు ఉండేది. 1914లో యుద్ధం మొదలై ఎగుమతి ఆగడంతో చేవ గిడ్డంగుల్లో పేరుకుపోయింది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఇంటిపేరు ప్రకాశం ప్రాంతపు ఊరిదే, పూర్వీకులు అక్కడినుంచి వచ్చినవారే. తైలాన్ని ఇక్కడే తీయాలని సంస్థానం తలపెట్టింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు చేవ నుంచి ఆవిరితో తైలం రాబట్టే పద్ధతిని కుదిర్చారు. 1916లో బెంగళూరులో ఉత్పత్తి మొదలైంది. సబ్బు ఆ తర్వాతి సంగతి. నేడు మెట్రో స్టేషనుకు పేరిచ్చిన సబ్బు కర్మాగారం వెనక ఉన్నది ఆ తైలమే.

వాముదీ అలాంటి కథే. మన వాము గింజలు జర్మనీకి వెళ్లి థైమాల్ అనే క్రిమిసంహారక మందుగా మారేవి. గాయాలు శుభ్రం చేయడానికీ, పేగుల్లోని కొంకి పురుగుల చికిత్సకూ వైద్యులు దాన్ని వాడేవారు. ముడిసరుకు మనది, మందు మీద పట్టు మాత్రం వేరొకరిది.

ఇదంతా ఉత్త నమ్మకం మీద నడవలేదు. 1881లో జర్మన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్, ఆంత్రాక్స్ వ్యాధి కలిగించే బ్యాక్టీరియా బీజాల మీద టర్పెంటైన్ తైలాన్ని పరీక్షించాడు. 1887లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త షాంబర్లాఁ దాల్చిన, లవంగ తైలాలతో అదే సూక్ష్మజీవి మీద ప్రయోగాలు చేశాడు. థైమాల్, లవంగంలోని యూజినాల్ వంటివి బ్యాక్టీరియా కణపు పొరలోకి చొరబడి దాన్ని బలహీనపరుస్తాయి. లోపలి పదార్థం బయటికి కారిపోయి కణం చస్తుంది.

మరి ఎందుకు పక్కకు పోయాయి? 1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చాయి. చందన తైలంతో వారాల తరబడి ఈడ్చుకొచ్చిన గనేరియాను అవి రోజుల్లో కుదిర్చాయి. తైలాల మీద ఎవరూ కుట్ర చేయలేదు, మెరుగైన మందు ముందు అవి నిలవలేదు. ఈ మాట సూటిగా చెప్పకపోవడం రోగులకు అన్యాయం.

ఇప్పుడు మళ్లీ వాటివైపు చూడటానికి కారణం మందులకు లొంగని బ్యాక్టీరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, భారత ప్రభుత్వం 2017లో దీనిపై కార్యాచరణ ప్రణాళికలు ప్రకటించాయి. ఆశకు చోటుంది. అయితే గాజు పళ్లెంలో సూక్ష్మజీవి చావడం వేరు, ఒంట్లో రోగం తగ్గడం వేరు. యాంటీబయాటిక్ మైక్రోగ్రాముల్లో చేసే పనికి తైలం తరచుగా మిల్లీగ్రాముల్లో కావాలి. అంత మోతాదును శరీరం తట్టుకోవాలి కదా! పసిపిల్లలు కర్పూరం గానీ నీలగిరి తైలం గానీ మింగితే ప్రాణం మీదికి రావచ్చు. పైగా తైలం నీటిలో కలవదు, గాలిలోకి ఆవిరైపోతుంది. అందుకే ఒక ప్రయోగశాల ఫలితం మరొక చోట తరచుగా సరిపోలదు.

మొక్క రకం, నేల, కోత సమయాన్ని బట్టి తైలం కూర్పు కూడా మారుతుంది. ఒక తులసిలో యూజినాల్ ఎక్కువైతే మరొకదానిలో మిథైల్ యూజినాల్ ఎక్కువ. చందన తైలానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులోని ముఖ్య పదార్థాలైన ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలని అది చెబుతుంది. దుకాణంలో అమ్మే ప్రతి తైలపు సీసా మీదా మొక్క శాస్త్రీయ నామం, ముఖ్య పదార్థాల శాతం ఇలాగే రాసి ఉండాలని కొనేవారు గట్టిగా అడగాలి.