నా ఎడమ కంటిపాప గుండ్రంగా ఎందుకు లేదంటే

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో, నా ఎడమ కంటిపాప గుండ్రంగా లేక రేకుల పువ్వులా ఉందేమని మీరు అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

కంటిపాప చుట్టూ ఉండే రంగు తెర ఐరిస్. అది మొదలు, కంటి వెనుక వెలుతురును పట్టే తెర అయిన రెటీనాకు రక్తం అందించే పొర దాకా ఉన్న భాగాన్ని యువియా అంటారు. ద్రాక్ష అనే లాటిన్ మాట నుంచి వచ్చిన పేరది. అది వాచితే యువియైటిస్. నాకు వచ్చింది అదే. కన్ను ఎర్రబడగానే కండ్లకలక అనుకొని మందుల దుకాణంలో చుక్కలు కొని వేసుకున్నాను. కండ్లకలకలో పుసులు కట్టి రెప్పలు అంటుకుంటాయి. నాకు పుసి లేదు సరికదా, వెలుతురు చూస్తే కన్ను పొడిచినట్లయ్యేది. ఆ తేడా గ్రహించక పది రోజులు పోగొట్టుకున్నాను.

వాచిన కంటిలోని నీటిలో మాంసకృత్తులు చేరి జిగురెక్కడం వల్ల ఐరిస్ వెళ్లి వెనుకనున్న కటకానికి అక్కడక్కడ అంటుకుంటుంది. వైద్యులు కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసేది అలా అంటుకోకుండా ఉండడానికే. నేను ఆలస్యం చేసినందువల్ల కొన్ని అతుకులు విడలేదు. మీరు చూసిన రేకులు అవే. అతుకు చుట్టూ పడితే కంటి నీరు ముందుకు వచ్చే దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగి, నీటికాసులు (గ్లాకోమా) వస్తాయి. దృష్టినాడి దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు. రెటీనా నడుమ స్పష్టమైన చూపునిచ్చే మ్యాక్యులాలో నీరు చేరితే తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి. ఈ వాపు వల్ల శుక్లం కూడా రావచ్చు; దానికి శస్త్రచికిత్స ఉంది గాని, సాధారణంగా వాపు కనీసం మూడు నెలలు అణిగి ఉంటేనే చేస్తారు.

వాపు తగ్గించే స్టిరాయిడ్ చుక్కలే ఎక్కువ కాలం వాడితే శుక్లాన్నీ, ఒత్తిడినీ తెచ్చిపెట్టడం ఇందులోని చిక్కు. అయినా వాటిని మన ఇష్టానుసారం ఆపరాదు. ఎరుపు పోయిందని నేను ఒకసారి ఆపితే, మూడు వారాలకే వాపు తిరగబెట్టింది.

అంధుల లిపిని రూపొందించిన లూయీ బ్రెయిల్‌కు 1812లో, మూడేళ్ల వయసులో, తండ్రి పనిశాలలో పనిముట్టు గుచ్చుకున్నది ఒక్క కంటికే. అయినా రెండో కన్నూ పోయింది. గాయపడిన కంటి వల్ల రెండో కంటిలో రేగిన యువియైటిసే అందుకు కారణమని పలువురు వైద్యుల ఊహ.

పిల్లల్లో కీళ్లవాతంతో వచ్చే యువియైటిస్ మరీ మాయదారిది: కన్ను తెల్లగానే ఉంటుంది, నొప్పి ఉండదు, కంటి లోపలిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తేనే బయటపడుతుంది. మీ తరగతిలో మోకాలి వాపుతో బాధపడే ఆ పాప కొన్ని నెలలకోసారి బడి మాని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేది అందుకే.

ఇట్లు,
మీ తాతయ్య