కీచుమనేది స్పీకరా, లేక మన గదా?

షాపులో కమ్మగా పలికిన హోమ్ థియేటర్ ఇంటికి రాగానే చెవులు కోస్తోందని నల్లగొండలో అనేవాళ్లు చాలామందే. తప్పంతా డబ్బా మీదికే తోస్తారు. నన్నడిగితే అందులో గది వాటా తక్కువేం కాదు.

మన చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుందంటారు. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలనే లెక్క, అది పెరిగేకొద్దీ స్వరం సన్నబడుతుంది. ఒగ్గుకథ రికార్డింగ్ పెట్టి చూడండి. డోలు దెబ్బలోని బరువంతా కింది వందల హెర్ట్జ్‌లో, తాళాల గలగల వేలల్లో ఉంటుంది. కింది భాగాన్ని కాస్త ముందుకు తెచ్చి, పైభాగాన్ని తగ్గించి పలికే సెట్టు వార్మ్. అక్కడ డోలు నిండుగా మోగుతుంది. పైభాగాన్ని ముందుకు తెచ్చే బ్రైట్ సెట్టులో తాళాలు తళుక్కుమంటాయి గానీ, కథకుడు ‘స’ అన్నప్పుడల్లా బుస్సుమంటుంది. ఆ అక్షరం బలమంతా 5,000 హెర్ట్జ్ చుట్టుపక్కలా, ఆ పైనా ఉంటుంది మరి.

ఇక మన ఇళ్లు. కింద షాబాద్ బండలు, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు. ఇవి తమను తాకిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులకు మించి పీల్చుకోవు. మిగతాదంతా గదిలోనే తిరుగుతూ ట్రెబుల్‌ను, అంటే సన్నటి పై స్వరాలను, గరుకు చేస్తుంది. స్పీకర్లకు ఎదురు గోడ మీద ఒక మందపాటి గొంగడి వేలాడదీయండి, గోడకు జానెడు ఎడం వదిలి. 5,000 హెర్ట్జ్ అల పొడవు ఏడు సెంటీమీటర్లే కాబట్టి ఉన్ని నూలు సందుల్లో చిక్కి చాలావరకు చచ్చిపోతుంది. 100 హెర్ట్జ్ అల మూడు మీటర్లు దాటుతుంది, దానికి గొంగడి ఉన్నా లేనట్టే. అందుకే బేస్, అంటే బరువైన కింది స్వరం, తగ్గదు, కీచుదనం తగ్గుతుంది. బేస్ చాలకపోతే స్పీకరును మూలకు జరపండి. రెండు గోడలూ కలిసి దాన్ని పెంచుతాయి. మరీ పెరిగితే బుయ్యిమంటుంది, అప్పుడు మూల నుంచి ఇవతలికి లాగాల్సిందే.

వాల్యూమ్ సంగతీ ఉంది. చప్పుడు తగ్గేకొద్దీ చెవి బేస్‌ను మరింతగా వదిలేస్తుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికా పరిశోధకులు కొలిచి చూపించారు. షాపువాడు గట్టిగా పెడతాడు, మనం రాత్రిపూట పిల్లలు లేస్తారని తగ్గించి వింటాం. పాత ఆంప్లిఫయర్ల మీద, తక్కువ చప్పుడులో బేస్‌ను పెంచే లౌడ్‌నెస్ బటన్ పెట్టింది దీనికే.

గాజు గొట్టాలతో పనిచేసే వాల్వు ఆంప్లిఫయర్ల స్వరానికి వెచ్చదనం (వార్మ్) ఉందనేదీ ఉత్త మాట కాదు. వాటిలో చాలావరకు అసలు స్వరానికి రెట్టింపు హెర్ట్జ్ స్వరాన్ని కొద్దిగా కలుపుతాయి, అది చెవికి ఇంపుగానే ఉంటుంది. వేలు పోసి కొనే కేబుళ్ల జోలికి మాత్రం నేను పోను. ఆ డబ్బుతో రెండు గొంగళ్లు వస్తాయి.