మైఖేల్ జాక్సన్ వారసత్వం: బుకారెస్ట్ ఒప్పందం నుంచి నేటి సినిమా దాకా

మైఖేల్ జాక్సన్ జీవితకథా చిత్రం పుణ్యమా అని, ఆయన గురించి చనిపోయాక ఎవరు ఏం రాయవచ్చన్న పాత తగవు మళ్ళీ రాజుకుంది. పాటల గొప్పతనం ఇక్కడ చెప్పనక్కర్లేదు; 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి శ్మశానంలో వేసిన స్టెప్పులు చూసిన తరానికి వాటి మూలం ఎవరో తెలుసు. ఈ తగవు అర్థం కావాలంటే చూడవలసింది 2019 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో దాఖలైన ఒక దావాను.

చిన్నతనంలో జాక్సన్ తమను ఏళ్ల తరబడి లైంగికంగా వేధించాడని ఇద్దరు చెప్పిన డాక్యుమెంటరీని అప్పట్లో అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ ప్రసారం చేయబోతోంది. మరణించిన వ్యక్తి తరఫున పరువు నష్టం దావా వేయడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. అందుకని జాక్సన్ ఎస్టేట్, అంటే మరణానంతరం ఆయన ఆస్తులనూ హక్కులనూ చూసుకునే సంస్థ, 1992 నాటి కాగితాన్ని బయటికి తీసింది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో జరిగిన జాక్సన్ కచేరీ ప్రసారం కోసం హెచ్‌బీఓ నాడు కుదుర్చుకున్న ఒప్పందంలో గాయకుణ్ణి కించపరచరాదన్న షరతు ఉందనీ, నష్టం 10 కోట్ల డాలర్లను మించవచ్చనీ వాదించింది. వివాదం మధ్యవర్తి వద్దకే వెళ్ళాలన్న ఉత్తర్వును 2020 డిసెంబరులో అప్పీళ్ల కోర్టు సమర్థించింది. అంతవరకు విమర్శకుల మధ్య నడిచిన చర్చ ఆ దావాతో ఒప్పంద భంగం కేసుగా మారింది.

అంతకుముందు చర్చ తీరు వేరు. 2009 జూన్ 25న ఆయన మరణించాక, ఆ ఏడాదే బ్రిటిష్ విమర్శకుడు మార్క్ ఫిషర్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాస సంకలనం వంటివి ఆయన కీర్తిని వినియోగ సంస్కృతితో ముడిపెట్టి పరిశీలించాయి. వాటిపై ఎవరూ కోర్టుకెక్కలేదు. ఈలోగా ఆస్తి విలువ మారిపోయింది. కోట్ల డాలర్ల అప్పుతో మిగిలిన ఎస్టేట్, సంగీత ప్రచురణ సంస్థలో తన వాటాను 2016లో సోనీకి 75 కోట్ల డాలర్లకు అమ్మగలిగింది. పేరే పెట్టుబడి అయినప్పుడు ఆ పేరు మీద పడే మచ్చకు కూడా లెక్క కడతారు.

మరో బాలుడిపై వేధింపుల కేసులో 2005లో జ్యూరీ జాక్సన్‌ను అన్ని అభియోగాల నుంచీ విముక్తుణ్ణి చేసిందనీ, డాక్యుమెంటరీలో మాట్లాడిన ఆ ఇద్దరిలో ఒకరు నాడు ఆయన పక్షాన సాక్ష్యమిచ్చారనీ ఎస్టేట్ గుర్తుచేస్తుంది. అది నిజమే. బాల్యంలో వేధింపులకు గురైనవారు పెద్దయ్యాక కోర్టుకు రావడానికి గడువు పెంచుతూ కాలిఫోర్నియా తెచ్చిన చట్టం 2020లో అమలులోకి రావడంతో, వారిద్దరూ జాక్సన్ కంపెనీలపై అంతకుముందే వేసిన వ్యాజ్యాలకు మళ్ళీ ప్రాణం వచ్చిందన్నదీ అంతే నిజం. వేధించినవాడే కంపెనీకి ఏకైక యజమాని అయినంత మాత్రాన, పిల్లలను కాపాడే బాధ్యత నుంచి ఆ కంపెనీకి మినహాయింపు రాదని 2023 ఆగస్టులో అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆరోపణలు నిజమా కాదా అన్న ప్రశ్న జోలికి మాత్రం అది వెళ్ళలేదు.

ఇప్పటి చిత్రంలో జాక్సన్ పాత్ర పోషించింది ఆయన అన్న కుమారుడు జాఫర్. నిర్మాతలలో జాన్ బ్రాంకా, జాన్ మెక్‌క్లెయిన్ ఉన్నారు. ఎస్టేట్ నిర్వాహకులూ వారిద్దరే.